కొత్త ఇంటికి అదనపు హంగులు, బిల్డర్ ఆఫర్లు: ఏవి తీసుకోవాలి, ఎలా రాయించుకోవాలి

కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో కట్టుబడిలో ఉన్న ఫ్లాటునో, వెంచర్‌లోని డూప్లెక్స్ ఇంటినో చూడటానికి వెళ్లినవారి ముందు సాధారణంగా రెండు కాగితాలు పెడతారు. మొదటిది ధరల పట్టిక. అందులో చదరపు అడుగు ధర కింద తూర్పు ముఖానికి ఇంత, మూల ఫ్లాటుకు ఇంత, కారు పార్కింగ్‌కు ఇంత, మాడ్యులర్ కిచెన్‌కు ఇంత అని వరుసగా ఉంటుంది. రెండోది ఆఫర్ కాగితం. ఉచిత రిజిస్ట్రేషన్, ఉచిత ఏసీ, బంగారు నాణెం వంటివి అందులో కనిపిస్తాయి. ఇంటి ధర మీద వారాల తరబడి బేరమాడే కుటుంబాలు ఈ రెండు కాగితాల మీద అరగంటలో సంతకం పెట్టేయడం నేను చాలాసార్లు చూశాను.

కర్నూలులో ఇల్లు కొన్నప్పుడు మేమూ అదే చేశాం. ఉచితంగా వచ్చిన వంటగది అరలకు సంతోషించి, పడకగదుల గోడల్లో ఏసీ పైపులు ముందే వేయించడానికి బిల్డర్ అడిగిన కొద్దిపాటి మొత్తం ఎక్కువనుకొని వద్దన్నాం. మూడో వేసవికి ఏసీ పెట్టించక తప్పలేదు. రంగులు వేసి పూర్తి చేసిన గోడను పగలగొట్టించి, మళ్లీ పూత పూయించి, రంగు కలవక గది మొత్తానికీ రంగు వేయించాం. అప్పటికే సింకు కింది చెక్క నీరు తాగి ఉబ్బిపోయింది. గోడ లోపలికి పోవలసినదాన్ని వదులుకొని, గోడకు బయట తగిలించేదాన్ని తీసుకోవడమే మేము చేసిన పొరపాటు. తరువాత బంధువులు ఇళ్లు కొన్నప్పుడు వారితో కూర్చొని పట్టికలు తయారు చేస్తూ నేర్చుకున్న పద్ధతిని, ఆ క్రమంలోనే ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి అడుగు: అసలు ధరలో ఏముందో తెలుసుకోవడం

ఏది అదనమో తెలియాలంటే ముందుగా ఏది అదనం కాదో తెలియాలి. అందువల్ల ఆఫర్ కాగితం కంటే ముందు, ఇంటి ధరలో కలిసి ఉన్న వస్తువుల వివరపట్టికను అడిగి తీసుకోవాలి. దానిలో ‘మంచి నాణ్యత గల టైల్స్’, ‘ప్రముఖ కంపెనీ స్విచ్‌లు’, ‘లేదా దానికి సమానమైనది’ వంటి మాటలు ఉంటే, ప్రతిదాని పక్కనా కంపెనీ పేరు, రకం, కొలత, టైల్స్ అయితే చదరపు అడుగుకు ఎంత ధర వరకు బిల్డర్ భరిస్తారో రాయించుకోవాలి. ఏ గదిలో ఎన్ని కరెంటు పాయింట్లు, వాటిలో 16 ఆంపియర్లవి ఎన్ని, కుళాయిలు ఎన్ని, కిటికీలకు గ్రిల్స్, దోమల మెష్ ఉన్నాయా లేవా, అరలకు బండలు వేస్తారా, ఖాళీగా వదిలేస్తారా అన్నవి ఒక్కొక్కటిగా అడగాలి. ఇక్కడ వదిలేసిన ఖాళీలే తరువాత అదనపు బిల్లులుగా తిరిగి వస్తాయి.

ఈ దశలోనే ఆ కట్టడం రెరా పరిధిలో ఉందో లేదో చూసుకోవాలి. 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టమే రెరా; దాని ప్రకారం స్థలం 500 చదరపు మీటర్లు మించకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా నమోదు తప్పనిసరి కాదు. 500 చదరపు మీటర్లంటే మన లెక్కలో పన్నెండు సెంట్ల పైచిలుకు. మన పట్టణాల్లో లోపలి వీధుల్లో లేచే చిన్న గ్రూప్ హౌస్‌లు చాలావరకు ఆ లోపలే ఉంటాయి. నమోదైన ప్రాజెక్టు అయితే, కొనుగోలుదారు ఒప్పుకోకుండా ఆమోదిత ప్లానును, వివరపట్టికలోని అమరికలను మార్చడానికి వీల్లేదు. ప్రకటనలో చెప్పినది అబద్ధమని తేలి మీకు నష్టం జరిగితే పరిహారం కోరవచ్చు. ఇల్లు అప్పగించిన తేదీ నుంచి ఐదేళ్లలోపు కట్టుబడిలోనో, పనితనంలోనో లోపం బయటపడితే, తెలియజేసిన 30 రోజుల్లో సొంత ఖర్చుతో బిల్డరే సరిచేయాలి. నమోదు అవసరం లేని చిన్న కట్టడమైతే మీకు ఆధారం మీ ఒప్పంద పత్రం, దాని వెనుక వినియోగదారుల రక్షణ చట్టం మాత్రమే. కాబట్టి చిన్న కట్టడంలో కొనేవారు ఈ వ్యాసంలో రాతకోతల గురించి చెప్పిన భాగాన్ని మరింత శ్రద్ధగా పాటించాలి.

రెండో అడుగు: కట్టుబడి దశను బట్టి వరుస పెట్టుకోవడం

మీ మనసులో ఉన్న హంగులన్నిటినీ ఒక కాగితం మీద రాసి, ప్రతిదాని పక్కనా ఒకే ఒక ప్రశ్నకు సమాధానం రాయండి: ఇంట్లో చేరిన ఐదేళ్ల తరువాత దీన్ని పెట్టించాలంటే ఏమి పగలగొట్టాలి? స్లాబు అని వస్తే అది ఇప్పుడు తప్ప మరెప్పుడూ కుదరదు. గోడ, గచ్చు అని వస్తే ఇప్పుడు చేయించడమే చౌక. ఏమీ పగలగొట్టనక్కర్లేదని వస్తే దానికి తొందర లేదు, బిల్డర్ దగ్గరే కొనవలసిన అవసరం అంతకన్నా లేదు.

స్లాబు వేయకముందు తేలవలసినవి కొన్నే. ఏ గదిలో ఫ్యాన్ ఎక్కడ, హాలు పెద్దదైతే రెండో ఫ్యాను కొక్కెం ఎక్కడ, డూప్లెక్స్ ఇంట్లో ముసలితనంలో లిఫ్టు పెట్టుకోవడానికి ఖాళీ వదలాలా, అటకలు ఏ గదుల్లో కావాలి అన్నవి ఈ కోవలోకి వస్తాయి. అటక మన ఇళ్లలో ఎంత పని చేస్తుందో పండుగ సామాను, పాత పరుపులు, నీళ్లకరువు నాటి బిందెలు దాచుకునేవారికి చెప్పనక్కర్లేదు.

గోడల పూత వేయకముందు దశ అన్నిటికన్నా ముఖ్యమైనది, నేను ఎక్కువ డబ్బు పెట్టమని చెప్పేదీ ఇక్కడే. ప్రతి పడకగదికీ ఏసీ పాయింటు, దానికి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల తీగ, రాగి పైపులకు దారి, నీరు కారిపోయే పైపు గోడలోనే రావాలి. ఏసీ ఇప్పుడు కొనకపోయినా ఇవి వేయించుకోవాలి. ఇన్వర్టర్ ఉండే చోటు నుంచి ఫ్యాన్లకు, కొన్ని లైట్లకు విడి లైను వేయించాలి. వంటగదిలో మిక్సీ, గ్రైండర్, ఫ్రిజ్, మైక్రోవేవ్, నీటి శుద్ధి యంత్రం ఒకేసారి పనిచేస్తాయి. గట్టు పొడవునా పాయింట్లు సరిపోతాయో లేదో ఆ వంట చేసేవారే వచ్చి గోడ మీద సుద్దముక్కతో గుర్తు పెడితే మంచిది. స్నానాల గదిలో గీజర్ పాయింటుతో పాటు, మిద్దె మీది నుంచి సోలార్ వేడినీటి పైపు దిగడానికి ఒక లైను వేయించుకుంటే తరువాత గోడ వెంట పైపులు వేలాడవు. పార్కింగ్ స్థలానికి మీ సొంత మీటరు నుంచే ఒక 16 ఆంపియర్ల లైను దింపించుకుంటే, రేపు ఎలక్ట్రిక్ స్కూటర్ కొన్నా కారు కొన్నా చార్జింగ్ కోసం సంఘంలో తగాదా పడనక్కర్లేదు.

టైల్స్ వేయకముందు దశలో చూడవలసినది స్నానాల గదుల్లో, బాల్కనీల్లో నీరు దిగకుండా చేసే పూత. ఇది అందంగా కనిపించేది కాదు కనుక ఎవరూ అడగరు. నా అభిప్రాయంలో టైల్స్ స్థాయి పెంచుకోవడానికి ఇచ్చే డబ్బులో సగం ఈ పనికి ఇవ్వడం మేలు. పూత పూర్తయ్యాక గదిలో నీరు కట్టి ఒకటి రెండు రోజులు నిలబెట్టి, కింది అంతస్తు పైకప్పుకు తడి దిగుతోందో లేదో చూసిన తరువాతే టైల్స్ వేయమని కోరాలి.

ఫాల్స్ సీలింగ్, లైట్ల అలంకరణ, వార్డ్‌రోబులు, టీవీ యూనిట్, కర్టెన్లు, పూజామందిరం వంటివి చివరి కోవలోకి వస్తాయి. ఇవి బిల్డర్ పట్టికలో ఉన్నా, ఇంట్లో చేరి ఒక వేసవి, ఒక వానాకాలం గడిపాక, ఎండ ఎటు నుంచి వస్తోందో, సామాను ఎక్కడ పేరుకుంటోందో చూసుకొని చేయించుకుంటే మనసుకు నచ్చినట్లు వస్తాయి.

మూడో అడుగు: మన నేలకు, మన ఎండకు తగినవి ఎంచుకోవడం

పెద్ద నగరాల ఇళ్ల కోసం తయారైన హంగుల పట్టికనే మన ఊళ్లలోనూ పెడుతుంటారు. రాయలసీమలో ఇంటికి ముందుగా ఆలోచించవలసినది నీరు. అనంతపురం ప్రాంతపు సగటు వార్షిక వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. చాలా కాలనీల్లో బోరు నీరు గట్టినీరు, కొన్నిచోట్ల ఫ్లోరైడ్ కూడా ఉంటుంది. బిల్డర్ ‘వాటర్ సాఫ్ట్‌నర్’ను అదనపు హంగుగా చూపించినప్పుడు, ముందుగా ఆ బోరు నీటికి పరీక్ష చేయించి నివేదిక ఇమ్మని అడగండి. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో గట్టిదనం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉండాలి, వేరే ఆధారం లేనప్పుడు 600 వరకు అనుమతిస్తారు. ఫ్లోరైడ్ 1 మిల్లీగ్రాము లోపు, వేరే దారి లేకపోతే 1.5 వరకు. సాఫ్ట్‌నర్ గట్టిదనాన్ని తగ్గించి గీజర్లను, కుళాయిలను, షవర్ రంధ్రాలను కాపాడుతుంది కానీ ఫ్లోరైడ్‌ను తీయదు. దానికి వంటగదిలో ఆర్వో యంత్రం వేరుగా కావాలి. ‘సాఫ్ట్‌నర్ ఉంది కదా, ఆ నీళ్లు తాగవచ్చు’ అని ఎవరైనా చెబితే నమ్మకండి. సాఫ్ట్‌నర్ కంటే ముందు కొలవవలసినవి సంపు, మిద్దె మీది ట్యాంకు. మున్సిపల్ నీరు రోజు విడిచి రోజు వచ్చే వీధిలో సంపును పెద్దది చేయించుకోవడం ఎంత డబ్బుకైనా చేయదగిన పని, పైగా అది నేలలోకి పోయేది కనుక తరువాత కుదరదు. మున్సిపల్ నీటికీ బోరు నీటికీ వంటగది వరకు రెండు వేర్వేరు పైపులైన్లు ఉంటే మరీ మంచిది.

రెండోది ఎండ. మన మూడు పట్టణాల్లోనూ వేసవిలో ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం మామూలే. పై అంతస్తు ఫ్లాటుకు బిల్డర్ ధర తగ్గించి ఇస్తానంటే, ఆ తగ్గింపు తీసుకుంటూనే మిద్దె మీద వేడిని తిప్పికొట్టే తెల్లని టైల్స్ లేదా చైనా మొజాయిక్ పరుస్తారా అని అడిగి రాయించుకోండి. పడమటి గోడకు పెద్ద అద్దాల కిటికీ ఉన్న ఫ్లాటును ‘వ్యూ’ పేరుతో ఎక్కువ ధరకు అమ్మజూపితే, ఆ ఇంటికి వైశాఖంలో సాయంత్రం నాలుగు గంటలకు వెళ్లి కాసేపు నిలబడి చూడండి. ఆ డబ్బును కిటికీల పైన లోతైన సజ్జలకు, గాలి ఎదురెదురుగా ఆడే ఏర్పాటుకు పెట్టడం సబబు.

మూడోది, మనకు ప్రకృతి ఇచ్చిన సౌకర్యం: బండలు. తాడిపత్రి, బేతంచెర్ల, కడప బండలు దేశమంతటికీ ఇక్కడి నుంచే వెళ్తాయి. వార్డ్‌రోబుల అరలకు, వంటగది గట్టు కింది అరలకు, అటకలకు ఈ బండలు వేయించి ముందు తలుపులు మాత్రం తరువాత చేయించుకుంటే చెదల భయం ఉండదు, తడికి ఉబ్బవు, ఖర్చూ తక్కువ. పార్టికల్ బోర్డుతో చేసిన మాడ్యులర్ కిచెన్ కంటే ఇది నమ్మకమైనది. అయితే ఇవి సున్నపురాతి జాతి బండలు కనుక చింతపండు పులుసు, నిమ్మరసం, బాత్రూము కడిగే యాసిడ్ పడితే పాలిష్ పోయి మచ్చ పడుతుంది. కాబట్టి వంటగది గట్టు పైభాగానికి గ్రానైట్‌నే ఎంచుకోవడం మంచిది. తాడిపత్రిలో పాలిష్ చేసే యూనిట్లు చాలా ఉన్నాయి, ఒక రోజు వెళ్లి పలక చూసుకొని వస్తే బిల్డర్ చూపించే నాలుగు నమూనాలకు కట్టుబడి ఉండనక్కర్లేదు. ప్లైవుడ్ తప్పనిసరైన చోట, తడి తగిలే వంటగదికి ఐఎస్ 710 గుర్తున్న మెరైన్ ప్లై కావాలని ఒప్పందంలో రాయించాలి.

సోలార్ విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ప్రధానమంత్రి సూర్యఘర్ పథకం కింద సొంత ఇంటి మిద్దెకు మొదటి 2 కిలోవాట్లకు కిలోవాటుకు 30 వేల చొప్పున, మూడో కిలోవాటుకు 18 వేలు, గరిష్ఠంగా 78 వేల రూపాయల రాయితీ ఉంది. ఆ రాయితీ కరెంటు కనెక్షన్ ఎవరి పేరున ఉందో వారి బ్యాంకు ఖాతాకే వస్తుంది. అందువల్ల డూప్లెక్స్ ఇంటికి ‘సోలార్ ప్యానెళ్లు ఉచితం’ అని బిల్డర్ చెప్పినప్పుడు, దరఖాస్తు మీ పేరున చేస్తారా, రాయితీ వచ్చాక ఆ మొత్తాన్ని మీ నుంచి తీసుకుంటారా అన్నది అడగాలి. అపార్ట్‌మెంటులో మిద్దె అందరిదీ. అక్కడ మీ ఒక్క ఫ్లాటుకు ప్యానెళ్ల స్థలం ఇస్తామన్న మాటకు మిగతా యజమానుల సమ్మతి లేకుండా బలం ఉండదు.

నాలుగో అడుగు: అసలు ఖర్చు లెక్కకట్టడం

ఒక హంగును పెంచుకుంటే మీరు చెల్లించవలసింది తేడా మాత్రమే. ఉదాహరణకు 1,000 చదరపు అడుగుల నేలకు చదరపు అడుగు 50 రూపాయల టైల్స్ ధరలో కలిసి ఉన్నాయనుకుందాం. మీకు 90 రూపాయల రకం నచ్చితే అదనపు బిల్లు 40 వేలు కావాలి. చాలాచోట్ల 90 వేలూ వేసి, పైన కూలీ కూడా కలుపుతారు. సిమెంటు, ఇసుక, పరిచే కూలీ రెండింటికీ ఒకటే కనుక, పెద్ద పలకల వంటి ప్రత్యేక కారణం ఉంటే తప్ప కూలీ మళ్లీ చెల్లించనక్కర్లేదు. మీరు వద్దన్న వస్తువుకు ఎంత తగ్గిస్తారన్నది కూడా అదే పట్టికలో రావాలి.

తరువాత రుణం లెక్క. 3 లక్షల అదనపు హంగులను ఇంటి రుణంలో కలిపి, 8.5 శాతం వడ్డీతో 20 ఏళ్లు కడితే నెలకు సుమారు 2,600 రూపాయలు, మొత్తం మీద దాదాపు 6 లక్షల 25 వేలు అవుతుంది. పదేళ్లకే పాతబడే ఫాల్స్ సీలింగ్‌కు ఇరవై ఏళ్ల వడ్డీ కట్టడం నాకు సమ్మతం కాదు. గోడలోని వైరింగ్‌కు, సంపుకు మాత్రం కట్టవచ్చు, ఎందుకంటే అవి ఇల్లున్నంత కాలం ఉంటాయి. రిజర్వు బ్యాంకు నిబంధనల ప్రకారం 30 లక్షల వరకు రుణాల్లో ఆస్తి విలువలో 90 శాతం దాకా, 30 నుంచి 75 లక్షల వరకు 80 శాతం దాకా మాత్రమే బ్యాంకు ఇవ్వగలదు. స్టాంపు, రిజిస్ట్రేషన్ ఖర్చులు సాధారణంగా ఆ విలువలో చేరవు. కనుక ఏ హంగులకు బ్యాంకు ఇంజనీరు విలువ కడతారో ముందే కనుక్కోవాలి.

ఇక పన్నులు. ఇది చాలామంది గమనించని చోటు కాబట్టి కొంచెం ఆగి చదవమని కోరుతున్నాను. కట్టుబడిలో ఉన్న ఇంటికి జీఎస్టీ 5 శాతం. మన పట్టణాలు మెట్రోలు కావు కనుక, కార్పెట్ ఏరియా (బయటి గోడల లోపల వాడుకోగల నేల) 90 చదరపు మీటర్లు, అంటే సుమారు 968 చదరపు అడుగులు మించకుండా, మొత్తం ధర 45 లక్షలు మించకుండా ఉంటే పన్ను 1 శాతమే. ఆ 45 లక్షల లెక్కలో పార్కింగ్, కోరుకున్న చోటుకు వేసే రుసుము, అభివృద్ధి రుసుము, ఉమ్మడి సౌకర్యాల రుసుము కూడా చేరతాయి. 44 లక్షల 50 వేల ఇంటికి పన్ను 44,500 రూపాయలు. దానికి లక్ష రూపాయల హంగులు బిల్డర్ బిల్లులోనే చేర్చారనుకోండి, ధర 45 లక్షల 50 వేలయి పన్ను 2,27,500 రూపాయలకు పెరుగుతుంది. లక్ష రూపాయల హంగుకు మీ చేతి నుంచి పోయేది 2 లక్షల 83 వేలు. అటువంటప్పుడు ఆ లక్ష పనిని ఇల్లు అప్పగించాక బయటి మేస్త్రీతో, కార్పెంటర్‌తో చేయించుకోవడం ఉత్తమం. అలాగే ధర 50 లక్షలు లేదా అంతకు మించితే, కొనేవారే అమ్మేవారికి ఇచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (చెల్లించేటప్పుడే పట్టి ఉంచే ఆదాయపు పన్ను) మినహాయించి ప్రభుత్వానికి కట్టాలి. 2019 సెప్టెంబరు 1 నుంచి క్లబ్ సభ్యత్వం, పార్కింగ్, కరెంటు, నీటి సౌకర్యాల రుసుములు కూడా ఆ మొత్తంలోకి వస్తున్నాయి. 49 లక్షల ఇల్లు హంగులతో 50 దాటిందని గమనించక టీడీఎస్ కట్టకపోతే వడ్డీ, ఆలస్య రుసుము కొన్నవారి మీదే పడతాయి. కట్టుబడి పూర్తయిందన్న ధ్రువపత్రం వచ్చిన తరువాత మొదటిసారి అమ్మే ఇంటికి జీఎస్టీ ఉండదు. ‘జీఎస్టీ మేమే భరిస్తాం’ అని అటువంటి ఇంటికి ఎవరైనా ఆఫర్ ఇస్తే అందులో ఇచ్చిందేమీ లేదు.

ఐదో అడుగు: ఆఫర్లను రూపాయల్లోకి మార్చడం

ఆషాఢంలో కొనేవారు తగ్గుతారు కనుక అప్పుడు ఆఫర్లు పెరుగుతాయి. దసరాకు, ఉగాదికి మరొక రకంగా వస్తాయి. ఏ కాలంలో వచ్చినా వాటిని అడగవలసిన ప్రశ్న ఒకటే: ‘ఇది మాకు వద్దు, దీనికి బదులు ధరలో ఎంత తగ్గిస్తారు?’ కడపలో మా తమ్ముడు ఫ్లాటు కొన్నప్పుడు బిల్డర్ ‘సార్, రెండు ఏసీలూ ఫ్రీ’ అన్నారు. ‘అన్నా, ఏసీలు నేను కొనుక్కుంటాను, ఆ డబ్బు తగ్గించండి’ అని వాడు నెమ్మదిగా అడిగితే, వారం తరువాత ఆ మొత్తం ధరలో తగ్గింది. ధర తగ్గితే దాని మీద జీఎస్టీ, స్టాంపు రుసుము, రుణం మీద వడ్డీ అన్నీ తగ్గుతాయి. వస్తువుగా వస్తే అవేవీ తగ్గవు. మన రాష్ట్రంలో అమ్మకపు దస్తావేజుకు స్టాంపు, బదిలీ సుంకం, రిజిస్ట్రేషన్ రుసుము కలిపి సుమారు 7.5 శాతం అవుతుంది కనుక, ధరలో తగ్గిన ప్రతి లక్షకూ అక్కడే మరో ఏడున్నర వేలు మిగులుతాయి.

‘ఉచిత రిజిస్ట్రేషన్’ మంచి ఆఫరే, ఎందుకంటే 50 లక్షల ఇంటికి అది సుమారు 3 లక్షల 75 వేల విలువ గలది. అయితే అది మీరు చెల్లించే పూర్తి ధర మీదనా, తక్కువ విలువ రాయించి దాని మీదనా అన్నది తేల్చుకోవాలి. తక్కువ విలువకు రాయించుకోవడానికి ఒప్పుకోవద్దు. అది చట్టానికి విరుద్ధం, రేపు మీరు ఇల్లు అమ్మినప్పుడు మీ కొనుగోలు ధర తక్కువగా కనిపించి పన్ను మీ మీదే పడుతుంది.

‘ఇల్లు అప్పగించే వరకు ఈఎంఐ మేమే కడతాం’ అనే ఆఫర్ దగ్గర మాత్రం నేను గట్టిగా ఆగమంటాను. రుణం మీ పేరున ఉంటుంది. బిల్డర్ మధ్యలో కట్టడం ఆపితే బ్యాంకు అడిగేది మిమ్మల్ని, దెబ్బతినేది మీ క్రెడిట్ స్కోరు. కట్టుబడి దశలను బట్టే రుణం విడుదల చేయాలని 2013 సెప్టెంబరులో రిజర్వు బ్యాంకు బ్యాంకులకు చెప్పింది. బిల్డర్లు వడ్డీ కట్టే ఇటువంటి పథకాలకు దూరంగా ఉండమని 2019 జూలైలో జాతీయ గృహనిర్మాణ బ్యాంకు గృహరుణ సంస్థలకు సూచించింది. నియంత్రణ సంస్థలే జాగ్రత్తపడిన చోట ఒక కుటుంబం ఇంకెంత జాగ్రత్తపడాలో ఆలోచించండి.

‘ప్రీ లాంచ్’ తగ్గింపు కూడా ఇటువంటిదే. రెరా నమోదు అవసరమైన ప్రాజెక్టును నమోదుకు ముందు ప్రకటించడం, బుకింగ్ తీసుకోవడం చట్టం నిషేధించింది. ఎంత తగ్గించినా ఆ దశలో డబ్బు ఇవ్వవద్దు. బంగారు నాణెం, స్కూటర్, లక్కీ డ్రా వంటివాటి గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు, వాటి కోసం ఇల్లు ఎంచుకోకూడదు.

ఆరో అడుగు: పార్కింగ్, చోటు, క్లబ్ హౌస్

రెరా చట్టం ప్రకారం ఆరుబయట పార్కింగ్ ఉమ్మడి స్థలం కనుక దాన్ని విడిగా అమ్మడానికి వీల్లేదు. కప్పున్న పార్కింగ్‌కు డబ్బు కడితే, దాని సంఖ్య, కొలత పత్రంలో రావాలి, స్తంభాల మధ్య మీ కారు నిజంగా తిరుగుతుందో లేదో చూసుకోవాలి. తూర్పు ముఖానికి, మూల ఫ్లాటుకు ఎక్కువ ఇవ్వడం మీ నమ్మకాన్ని, గాలి వెలుతురును బట్టి ఉంటుంది. తిరిగి అమ్మేటప్పుడు మన ప్రాంతంలో తూర్పు ముఖానికి గిరాకీ ఉంటుంది కనుక ఆ డబ్బు పూర్తిగా పోదు. కర్నూలులో తుంగభద్ర, హంద్రీ దగ్గరలో కొనేవారు 2009 అక్టోబరు వరదలో నీళ్లు ఆ వీధిలో ఎంత ఎత్తుకు వచ్చాయో చుట్టుపక్కల ఇళ్లవారిని అడిగి, ఆ తరువాతే కింది అంతస్తు తోట కోసం అదనపు డబ్బు ఇవ్వాలా అన్నది నిర్ణయించుకోవాలి. ఈత కొలను, జిమ్ వంటివి కొన్ననాడు ఉచితమే అయినా, వాటి నీరు, కరెంటు, కాపలా ప్రతి నెలా నిర్వహణ రుసుములో వస్తాయి. ట్యాంకర్ల మీద బతికే కాలనీలో ఈత కొలనుకు ఎవరు, ఎక్కడి నుంచి నీరు తెస్తారో అడగడం తప్పు కాదు.

ఏడో అడుగు: రాయించుకోవడం, చెల్లించడం

ఒప్పుకున్న ప్రతి హంగునూ, ప్రతి ఆఫర్‌నూ ఒకే అనుబంధ పట్టికగా చేసి అమ్మకపు ఒప్పందానికి జతపరచాలి. వస్తువు, కంపెనీ, రకం, సంఖ్య లేదా కొలత, ధర, ఏ దశలో పూర్తి చేస్తారు, ఇవ్వలేకపోతే ఎంత తిరిగి ఇస్తారు అన్న గడులు అందులో ఉండాలి. ‘ఇవ్వలేకపోతే’ అన్న గడి లేని ఆఫర్‌ను నేను ఆఫర్‌గా లెక్కపెట్టను. అమ్మకాల కుర్రవాడు వాట్సాప్‌లో పంపిన మాటలను, చిత్రాలను చెరపకుండా దాచుకోవాలి కానీ వాటితో తృప్తి పడకూడదు. ఒప్పందం రిజిస్టరు కాకుండా ధరలో 10 శాతానికి మించి తీసుకోవడానికి రెరా ఒప్పుకోదు. హంగుల పేరుతో విడిగా ముందస్తు అడిగి ఆ పరిమితిని దాటించే ప్రయత్నం జరిగితే ఒప్పుకోవద్దు.

హంగుల డబ్బు ప్రాజెక్టు బ్యాంకు ఖాతాకే వెళ్లాలి, రశీదు తీసుకోవాలి. ‘ఆ పని మా కార్పెంటర్ చేస్తాడు, డబ్బు ఆయనకే నగదుగా ఇవ్వండి’ అని చెబితే, ఆ పనిలో లోపం వచ్చినప్పుడు అది తమ ఒప్పందంలో లేదని బిల్డర్ తప్పుకోవచ్చు. మొత్తం ఒకేసారి కట్టకుండా, సగం పని మొదలైనప్పుడు, మిగతాది మీరు చూసి ఒప్పుకున్న తరువాత కట్టేలా రాయించుకోవాలి.

ఎనిమిదో అడుగు: కట్టుబడి సాగేటప్పుడు, తాళాలు తీసుకునేటప్పుడు

గోడలకు పూత పూసే ముందు రోజు తప్పనిసరిగా వెళ్లి, ప్రతి గోడకూ టేపు పట్టి, కరెంటు గొట్టాలు, నీటి పైపులు, ఏసీ పైపులు ఎక్కడెక్కడ పోతున్నాయో ఫోటోలు తీసుకోండి. గోడకు మేకు కొట్టే ప్రతిసారీ ఆ ఫోటోలే మీకు దారి చూపిస్తాయి. టైల్స్, గ్రానైట్ వచ్చిన రోజున పెట్టెల మీది పేరు, బ్యాచ్ సంఖ్య మీ పట్టికతో సరిపోలుస్తూ, రెండు మూడు పెట్టెల టైల్స్ మిగుల్చుకొని అటక మీద దాచుకోండి, ఎందుకంటే పదేళ్ల తరువాత అదే రంగు దొరకదు.

తాళాలు తీసుకునే రోజున గృహప్రవేశ ముహూర్తం దగ్గర పడిందన్న తొందరలో సంతకం చేయకుండా, అనుబంధ పట్టికను చేతిలో పెట్టుకొని ఒక్కొక్క గడినీ చూడాలి. ముహూర్తానికి కనీసం పదిహేను రోజుల ముందు ఈ పరిశీలన జరిగేలా ఏర్పాటు చేసుకుంటే మంచిది. అన్ని కుళాయిలూ ఒకేసారి తిప్పి నీటి ఒత్తిడి చూడాలి. ప్రతి పాయింటునూ టెస్టర్‌తో కాకుండా ఇస్త్రీపెట్టె వంటి బరువైన వస్తువుతో చూడాలి. ఏసీ నీటి పైపులో ఒక చెంబు నీళ్లు పోసి అవి బయటికే పోతున్నాయో లేదో గమనించాలి. లోపాలు ఉంటే పట్టికలోనే రాసి, సరిచేసే తేదీ వేయించి, ఇరువైపులా సంతకాలు తీసుకోవాలి. గీజర్, ఇన్వర్టర్, సాఫ్ట్‌నర్, మోటారు వారంటీ కార్డులు మీ పేరున, మీరు చేరే తేదీ నుంచి మొదలయ్యేలా అడిగి, జీఎస్టీ బిల్లులతో కలిపి తీసుకున్న తరువాతే చివరి విడత చెల్లించండి.